చాకిరీ, విశ్రాంతి, వ్యాయామం: రఘునాథపల్లి ప్రాంత సంఘ చరిత్రలో శరీరం

మన ప్రసంగ వేదికల మీద వ్యాయామం ప్రస్తావన వస్తే 1 తిమోతి 4:8 తప్ప మరో వచనం సాధారణంగా వినిపించదు. శరీర సంబంధమైన సాధకానికి ప్రయోజనం కొంత ఉందని పౌలు అక్కడ ఒప్పుకుంటున్నాడు. బోధకులు మాత్రం ఆ ‘కొంత’ను ‘ఏమీ లేదు’గా మార్చి, ఆట మైదానానికి వెళ్లే యువకుణ్ణి లోకానుసారి అన్నట్లు మాట్లాడడం మనం ఎరిగినదే. అదే అధ్యాయం మూడవ వచనంలో వివాహాన్నీ కొన్ని ఆహారాలనూ నిషేధించే బోధకుల ప్రస్తావన ఉంది. కాబట్టి ఇక్కడి సాధకము కఠిన ఉపవాసాల వంటి శరీర నిగ్రహమేనని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. ఆ చర్చ ముగిసినదని మేము చెప్పడం లేదు. అయితే ఈ వచనం తెలంగాణ పల్లె సంఘాల్లో ఇంత సులభంగా వ్యాయామానికి వ్యతిరేకంగా ఎందుకు నిలిచిందన్నది వ్యాఖ్యాన సమస్య కంటే చరిత్ర సమస్య అని మాకు తోస్తోంది. ఈ వ్యాసంలో ఆ చరిత్రను రఘునాథపల్లి పరిసరాల నుండి పరిశీలించదలిచాం.

రఘునాథపల్లి కాజీపేట–సికింద్రాబాదు రైలు మార్గం మీద, జనగామకూ స్టేషన్ ఘనపూర్‌కూ మధ్యనున్న మండల కేంద్రం. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తరువాత జనగామ జిల్లాలో చేరింది. ఆటపాటలకు ఈ ప్రాంతం కొత్తది కాదు. సమీపంలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని ఊరని పలువురు పండితులు చెబుతారు. ఆయన పండితారాధ్య చరిత్రలో ఆనాటి ఆటలు, నృత్యాలు, విన్యాసాల ప్రస్తావనలు విస్తారంగా ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఒక్కొక్క యుగంలో జనం ఏ ఆటలు ఆడారో ప్రత్యేకించి వెదికారు. చిర్రగోనె, చెడుగుడు, కుస్తీ మన పల్లెలకు మిషనరీలు నేర్పినవి కావు.

పరుగు ఎవరి కోసం?

కాని ఆడిన శరీరాలు వేరు, మోసిన శరీరాలు వేరు. రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది. గీత వృత్తి కులంలో పుట్టి, మొగలు అధికారులను ఎదిరించి, 1708లో వరంగల్‌పై దాడి చేసి, 1710లో మరణశిక్షకు గురైన సర్వాయి పాపన్న కోట కట్టుకున్న ఊరు అది. పాపన్న దేహబలాన్ని జనం కథలుగా చెప్పుకున్నారు. ఆ బలం అఖాడాలో వచ్చింది కాదు. మోకు, ముత్తాదు కట్టుకుని రోజుకు ఎన్నోసార్లు తాళ్లు ఎక్కి దిగే వృత్తిలో వచ్చింది. అదే వృత్తి చెట్టు మీది నుండి జారిపడినవారి నడుములు విరిచింది, ప్రాణాలు తీసింది. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట గీత కార్మికులకు భద్రతా పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. పాపన్న కాలం నుండి లెక్కిస్తే మూడు శతాబ్దాలు దాటిన తరువాత!

నిజాం పాలనలోని వెట్టి చాకిరీ ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపుతుంది. జనగామ తాలూకా ఆ చరిత్రకు కేంద్రం. విసునూరు దేశ్‌ముఖ్ గడి ఇక్కడిదే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఇక్కడిదే. పంట దక్కించుకోవడానికి చాకలి ఐలమ్మ నిలబడిన పాలకుర్తి ఇక్కడిదే. దొరకూ అధికారికీ ఊరివారు బరువులు మోయాలి, కట్టెలు కొట్టాలి, కబురు పట్టుకుని పక్క ఊరికి పోవాలి. దొరల బండి కదిలితే దాని ముందూ వెనుకా పరుగెత్తాలి. ఈ పరుగు వివరాన్ని పాఠకులు ఒకసారి ఆగి ఆలోచించాలని కోరుతున్నాం. కొరింథులో పౌలు మాటలు విన్నవారికి పరుగు అంటే పక్కనే జరిగే ఇస్త్మియా క్రీడలు, గెలిచినవాని తలమీది ఆకుల కిరీటం (1 కొరింథీ 9:24–25). జనగామ తాలూకాలోని మాల, మాదిగ పల్లెలో అదే మాట విన్న తాతకు పరుగు అంటే దొర బండి. ఒకే మాట, రెండు శరీరాలు. ఇలాంటి శ్రోతకు ఆరోగ్యం కోసం పరుగెత్తమని చెప్పడం ఎగతాళి అవుతుంది. మన పాత బోధకులు సాధకాన్ని తక్కువ చేసి మాట్లాడినప్పుడు వినేవారికి అది శిక్షగా కాక ఊరటగా వినిపించి ఉంటుందని మా ఊహ.

సంఘం ఇచ్చిన మొదటి ఆరోగ్య వరం

ఇక్కడ కొంచెంసేపు వరంగల్ విడిచి ఒంగోలుకు వెళ్లవలసి ఉంది. ఎందుకంటే హనుమకొండలో 1879లో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు పరిచర్యకు అది తల్లి వంటి కేంద్రం. 1866 నుండి ఒంగోలులో పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ, యర్రగుంట్ల పేరయ్య ద్వారా విశ్వాసంలోకి వచ్చిన మాదిగల ముందు ప్రధానంగా మూడు నియమాలు ఉంచారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. సంఘ చరిత్ర పాఠాల్లో మూడవదాని గురించే ఎక్కువ చెబుతాం. గ్రామ పెద్దలకు కోపం తెప్పించినవాటిలో మొదటిది ముందుంది. ఏడు రోజులూ పిలిస్తే వచ్చే మనిషి ఒక రోజు రానన్నాడు. తన శరీరం మీద తనకు ఒక రోజు హక్కు ఉందన్నాడు. ద్వితీయోపదేశకాండం 5:14–15 విశ్రాంతి దినానికి చెప్పే కారణం సరిగ్గా ఇదే. దాసుడూ దాసీ కూడా యజమానునితోపాటు సేదదీరాలి, ఎందుకంటే ఇశ్రాయేలు ఒకప్పుడు ఐగుప్తులో దాస్యం చేసింది.

1876–78 కరవు కాలంలో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకపు పనిని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. ఉపదేశులు మేస్త్రీలయ్యారు. అలసినవారు కూర్చున్నప్పుడు వారి పక్కన కూర్చుని మాట్లాడారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకుండా ఆ పని ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనుక గునపం పట్టిన చేతులున్నాయి, మధ్యలో కూర్చోనిచ్చిన విరామముంది. తెలుగు సంఘం పేదవాని శరీరానికి ఇచ్చిన మొదటి ఆరోగ్య వరం వ్యాయామం కాదు, విశ్రాంతి. ఆసుపత్రులు ఆ తరువాత వచ్చాయి. హనుమకొండలో వైద్య పరిచర్యకు పునాది వేసిన డాక్టర్ టింపనీ పేరు ఈ ప్రాంతపు పాతతరం మరచిపోలేదు.

మైదానం దోర్నకల్‌కు చేరలేదు

ఇక వ్యాయామం సంగతి. 1844లో లండన్‌లో జార్జి విలియమ్స్ ప్రారంభించిన వై.ఎం.సి.ఎ. మొదట బట్టల దుకాణాల్లో పనిచేసే యువకుల ప్రార్థన కూటమి. దాదాపు యాభై ఏళ్ల తరువాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణాలయంలో లూథర్ గూలిక్ ఆత్మ, మనస్సు, శరీరం అనే మూడు భుజాల త్రిభుజాన్ని దాని గుర్తుగా ప్రతిపాదించాడు. అక్కడే 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను రూపొందించాడు. ఆయన మాంట్రియల్‌లో వేదాంత విద్య ముగించినవాడని మన విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? 1895లో హోలియోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ వాలీబాల్ కనిపెట్టాడు. బాస్కెట్‌బాల్ వేగాన్ని తట్టుకోలేని నడివయసు ఉద్యోగుల కోసం ఆలోచించిన ఆట అది. తెలంగాణ పల్లెల్లో సాయంత్రం రెండు గుంజల మధ్య వల కట్టి ఆడే వాలీబాల్‌ను లోకపు ఆట అని మందలించే కాపరి, అది పుట్టిన ఇల్లు క్రైస్తవ సంస్థ అని తెలిస్తే ఏమంటాడో!

మన దేశంలో ఈ ధోరణికి బలం చేకూర్చినవాడు హ్యారీ క్రో బక్. 1919లో మద్రాసుకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా శిక్షణాలయాన్ని ఆయన స్థాపించారు. దేశంలో వ్యాయామోపాధ్యాయులకు పద్ధతి ప్రకారం శిక్షణ ఇచ్చిన తొలి సంస్థల్లో అది ముఖ్యమైనది. దక్షిణాది పాఠశాలల డ్రిల్లు మాస్టర్లకు ఆ కళాశాల తరతరాలుగా పుట్టినిల్లు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు బాధ్యత కూడా బక్ చూశారు. తెలుగువారి వాలీబాల్‌కు 1990లో ద్రోణాచార్య పురస్కారం తెచ్చిన అరికపూడి రమణారావు వరకు ఈ దారి సాగింది.

వరంగల్ ప్రాంతానికి వై.ఎం.సి.ఎ.తో ఇంతకంటే దగ్గరి సంబంధం ఉంది. దోర్నకల్ పీఠానికి 1912 డిసెంబరు 29న బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. ఆయన ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగారు. దోర్నకల్ విద్యలో వ్యవసాయం వంటి చేతిపనులకు చోటిచ్చారు. అయితే ఆయన సంస్థను విడిచిన పదేళ్ల తరువాత బక్ వచ్చారు. అజరయ్య వెంట దోర్నకల్‌కు వచ్చింది త్రిభుజంలోని ఆత్మ, మనస్సు అనే రెండు భుజాలేనని మేము భావిస్తున్నాం. ఆయన సంఘంలో అత్యధికులు పొలం కూలీలు. వారికి కావలసింది బడి, బాకీల నుండి విముక్తి, తాగుడు నుండి విడుదల. మైదానం ఆ జాబితాలో లేకపోవడాన్ని లోపమనలేం. ఆ నిర్ణయం ఆనాటి శరీరాలకు సరిపోయింది.

మరొక సంగతి దాచకూడదు. ఇంగ్లండులో 1850లలో చార్లెస్ కింగ్స్లీ, థామస్ హ్యూస్ వంటివారు ప్రచారం చేసిన ‘కండబల క్రైస్తవ్యం’లో దేహారోగ్యంతోపాటు పాలకజాతి అహంకారం కూడా ఉంది. శ్రీనగర్‌లో 1890 నుండి పాఠశాల నడిపిన టిండేల్ బిస్కో, తోలు బంతిని ముట్టడానికి ఇష్టపడని బ్రాహ్మణ బాలురను బలవంతాన మైదానంలోకి దింపి ఫుట్‌బాల్ ఆడించాడు. ఆ పని కొన్ని కట్టుబాట్లను పగలగొట్టిన మాట నిజమే, దానిలో కర్ర ఉన్న మాటా నిజమే. ఆ తోలును తరతరాలుగా ముట్టి, ఊని, కుట్టిన మాదిగ బాలునికి ఆ బంతి ఎప్పుడు అందిందన్న ప్రశ్న ఆ చరిత్రల్లో కనబడదు.

శ్రమ వేరు, వ్యాయామం వేరు

వైద్యశాస్త్రం చాలాకాలం ఈ రెంటినీ ఒకటిగానే చూసింది. 1953లో జెరెమీ మోరిస్, ఆయన సహచరులు లండన్ రెండంతస్తుల బస్సులను పరిశీలించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని లాన్సెట్ పత్రికలో చూపించారు. కదిలే శరీరం బాగుంటుందన్న నేటి సలహాలకు ఇది ఒక మూలరాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, లేదా 75 నుండి 150 నిమిషాలు తీవ్రమైన శ్రమ చేయాలి. కండరాలకు బలమిచ్చే పని వారానికి కనీసం రెండు రోజులుండాలి. చురుకైన నడక మొదటి లెక్కలోకి వస్తుంది. గుండె, రక్తపోటు, మధుమేహం, కొన్ని క్యాన్సర్లు, దిగులు, నిద్ర అన్నిటిమీదా దీని ప్రభావం ఉంది. నడిచే కండరం రక్తంలోని చక్కెరను లాగుకుంటుంది, ఇన్సులిన్ మాట శరీరం బాగా వింటుంది.

అయితే 2018లో డచ్ పరిశోధకుడు పీటర్ కూనెన్ బృందం అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి మరొక సంగతి తేల్చింది. ఉద్యోగంలోనే భారీ శారీరక శ్రమ చేసే పురుషుల్లో అకాల మరణాల అవకాశం, తక్కువ శ్రమ ఉద్యోగాల్లోని పురుషుల కంటే 18 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి పేదరికం, పొగతాగడం వంటివి ఎంతవరకు కారణమన్నది ఇంకా వాదంలో ఉంది. అయినా నిపుణులు చెప్పే వివరణ మన చరిత్రకు దగ్గరగా ఉంది. వ్యాయామం కొద్దిసేపు గుండెను పరుగెత్తించి తరువాత విడిచిపెడుతుంది. చాకిరీ రక్తపోటును గంటల తరబడి పైనే నిలుపుతుంది, ఒకే నడుమును, ఒకే భుజాన్ని అరగదీస్తుంది, కోలుకునే సమయం ఇవ్వదు. వేగం మనిషి చేతిలో ఉండదు, ఆగే స్వేచ్ఛ ఉండదు. క్లౌ నియమం ఏ ప్రయోగశాల సాయం లేకుండా పట్టుకున్నది దీన్నే.

మరి ఇప్పటి రఘునాథపల్లి శరీరం సంగతి ఏమిటి? దుక్కి ట్రాక్టరుకు, కోత యంత్రానికి పోయింది. పక్క వాడకు కూడా మోటారు సైకిలు మీదే. ఆ ఊరి స్టేషనులో రైలెక్కి హైదరాబాదు చేరినవారి కథ ఇంకా స్పష్టం. 2010లో వెలువడిన భారత వలస అధ్యయనం హైదరాబాదు బి.హెచ్.ఇ.ఎల్.తో సహా నాలుగు నగరాల్లోని కర్మాగారాల ఉద్యోగులనూ, పల్లెల్లో ఉండిపోయిన వారి తోబుట్టువులనూ పోల్చింది. పల్లెలో ఉన్న పురుషుల్లో మధుమేహం సుమారు 6 శాతం, పట్నానికి వలస వచ్చినవారిలో సుమారు 14 శాతం. ఒకే తల్లి పాలు తాగినవారి మధ్య ఇంత తేడా! ఇప్పుడు పట్నపు జీవనమే పల్లెకు వచ్చింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం 2022లో మన దేశపు పెద్దల్లో దాదాపు సగం మంది చాలినంతగా కదలడం లేదు. స్త్రీలలో ఇది 57 శాతం, పురుషులలో 42 శాతం.

కాపరుల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేం. తాత దొర బండి ముందు పరుగెత్తాడు, తండ్రి నాలుగు ఊళ్లు కాలినడకన తిరిగి వాక్యం చెప్పాడు, మనుమడు మోటారు సైకిలు మీద వెళ్లి గంటన్నర నిలబడి ప్రసంగించి, ప్రతి ఇంటా తీపి టీ తాగి వస్తాడు. నలభై దాటకముందే చక్కెర మందులు మొదలుపెట్టిన సేవకులను మేము ఎరుగుదుము. వారిలో ఒకరికి కాలి వేలు తీయవలసి వచ్చింది. వైద్యుడు నడవమన్నప్పుడు ఆయన చెప్పిన జవాబు మొదట ప్రస్తావించిన వచనమే. మాలో ఒకరు చదివిన వేదాంత కళాశాలలో వాలీబాల్ వల చిరిగిపోతే కొత్తది కొనడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలోనే ఒక గది కొత్త కుర్చీలతో నిండింది.

ఇక సేవకుల మనోవ్యథ గురించి మనం బహిరంగంగా మాట్లాడం. 2018లో అమెరికాలో 12 లక్షల మంది వివరాలతో జరిగిన ఒక పరిశీలనలో, వ్యాయామం చేసేవారికి మనసు బాగుండని రోజులు చేయనివారి కంటే సుమారు 43 శాతం తక్కువగా ఉన్నాయి. జట్టుగా ఆడే ఆటల్లో ఈ మేలు అన్నిటికంటే ఎక్కువగా కనబడింది. మనసు బాగున్నవారే ఆటకు వస్తారేమో అన్న సందేహం ఇలాంటి పరిశీలనల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా ఒంటరిగా మోకాళ్ల మీద తప్ప మరెక్కడా తన భారం దించుకోలేని కాపరికి మరో అయిదుగురితో కలిసి బంతి ఆడే అరగంట చిన్న సంగతి కాదు. సహోదరీల విషయం మరింత కష్టం. వరినాట్లు, బిందెలు, పొయ్యి వారికి చాకిరీగానే మిగిలాయి, మైదానం మాత్రం ఇంకా మగపిల్లలదే. వారికి మొదట కావలసింది ఎవరైనా ఆ బిందె అందుకోవడం, ఆ తరువాత సాయంత్రం కలిసి నడవడానికి వెలుతురున్న దారి. బతుకమ్మ ఆటలో తిరిగిన అడుగుల్ని సంఘంలోకి వచ్చాక మానుకున్న స్త్రీలకు, ఆ అడుగుల స్థానంలో మనం ఏమిచ్చామో కూడా ఆలోచించవలసి ఉంది.

ఆదివారం ఆట గురించి అడిగేవారు తప్పక ఉంటారు. ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పడిందని వంద మీటర్ల పరుగు మానుకుని, నాలుగు వందల మీటర్లలో స్వర్ణం గెలిచిన సంగతి మన ప్రసంగాల్లో తరచూ వస్తుంది. బక్ వెంట వెళ్లిన మన జట్టు ఉన్నది కూడా ఆ పోటీల్లోనే. లిడెల్ మానుకున్నదాన్ని చెబుతాం, పరుగెత్తినదాన్ని ఎందుకో తక్కువగా చెబుతాం. ఆయన తరువాత చైనాలో మిషనరీగా పనిచేసి, జపాను సైన్యం నడిపిన వైషెన్ నిర్బంధ శిబిరంలో 1945 ఫిబ్రవరిలో మరణించాడు. ఆ శిబిరంలో పిల్లలకు ఆటలు నేర్పింది ఆయనే. ఆదివారం ఆటకు తాను రానని మొదట పట్టుబట్టాడు. పర్యవేక్షించేవారు లేక పిల్లలు హాకీ కర్రలతో కొట్టుకున్నారు. ఆ తరువాతి ఆదివారం ఈల పట్టుకుని మైదానంలోకి వచ్చినవాడు లిడెల్.